కరెంటాయన బండి దీపాలు

మా తోడల్లుడిని వీధి వీధంతా కరెంటాయన అంటుంది. ఆయన పనిచేసేది కరెంటాఫీసులోనే, అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఇరవై ఆరేళ్ళలో ఆ ఆఫీసులో ఆయన చేత్తో ముట్టుకున్న యంత్రం ఒక్కటే. టెలిఫోను. ఫిర్యాదుల గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కరెంటు పోయిందని ఎవరు ఫోన్ చేసినా వాళ్ళ వీధి పేరు రాసుకుని, "లైన్‌మన్ బయల్దేరాడండీ, దార్లో ఉన్నాడు" అనేవాడు. ఆ లైన్‌మన్ అప్పటికి ఎదురు బల్ల మీద కాళ్ళు చాపుకుని టీ తాగుతూ ఉండేవాడు. అయినా మా తోడల్లుడి గొంతులో ఎంత భరోసా ఉండేదంటే, అవతలివాళ్ళు చీకట్లోనే దణ్ణం పెట్టి ఫోన్ దించేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరు చీకటిగా ఉన్నా మంచిదేనని నిరూపించిన ఘనత ఆయనది.

ఆయన్ని అని నన్ను నేను వదిలేసుకోవడం న్యాయం కాదు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. విద్యుత్తు పాఠం చెప్పడం మొదలుపెట్టి పందొమ్మిదేళ్ళయింది. మా ఇంట్లో ఇస్త్రీపెట్టె ప్లగ్గు ఊడితే దాన్ని సంచిలో వేసుకుని బజారుకెళ్ళేది మా ఆవిడ. అలా మా అత్తగారింటి అక్కచెల్లెళ్ళలో పెద్దావిడకి కరెంటాఫీసు, చిన్నావిడకి కరెంటు పాఠం దక్కాయి. ఇద్దరు అల్లుళ్ళూ ఒకే ఇంట్లో, పైన వాళ్ళు, కింద మేము. ఫ్యూజు పోతే మాత్రం వెనక వీధి ప్లంబరే మాకు దిక్కు.

వదిన, అంటే మా ఆవిడ అక్క, బండ్ల సీటు కవర్లు కుడుతుంది. పైన వరండాలో పెద్ద కుట్టు మిషను, పక్కనే రెక్సిను చుట్టలు, గోడకి మేకు కొట్టి వేలాడదీసిన పెద్ద కత్తెర. ఆ కత్తెర జోలికి ఎవరూ వెళ్ళకూడదు. కాగితం కోసినా నేరమే. ఆ ఇంట్లో రాజ్యాంగం అదొక్కటే.

కథ మొదలైంది ఆఫీసువాళ్ళు ఫిర్యాదుల ఫోనుని మెషీను గొంతుకి అప్పగించిన రోజున. మెషీను జీతం అడగదు, సెలవు పెట్టదు, టీ తాగే లైన్‌మన్‌ని చూసి మనసులో సిగ్గుపడదు. మా తోడల్లుడిని ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న సబ్‌స్టేషన్‌కి బదిలీ చేశారు. అక్కడి పని, గంటకోసారి మీటర్లలో అంకెలు చూసి రిజిస్టరులో రాయడం. డ్యూటీ పొద్దున్న ఆరింటికి. ఐదింటికి లేచి, ఐదుంబావుకి బయల్దేరాలి. దారి పొడుగునా ఒక్క వీధి దీపం లేదు. కరెంటు ఊరికొచ్చే దారిలో దీపం లేకపోవడం ఆఫీసువాళ్ళకి వింతగా తోచలేదు. వంటవాడు పస్తున్నా ఎవరూ ఆశ్చర్యపోరు కదా.

ఆయన బండికి పదకొండేళ్ళు. దాని హెడ్‌లైటుని చూశాకే గుడ్డి కన్నా మెల్ల నయమనే మాట పుట్టి ఉంటుంది. రెండో వారంలో ఒకరోజు ఆ వెలుగులో వెళ్ళి రోడ్డు పక్క పోసిన కంకర గుట్టెక్కేశాడు. మోచేయి గీరుకుపోయి ఇంటికొచ్చాడు.

"ఏమైందండీ?" అంది వదిన.

"కంకర అడ్డొచ్చింది."

"కంకర నడిచొచ్చిందా?"

ఆయన దూది అడిగాడు. వదిన మందు రాస్తూ, "వీధి చివర మెకానిక్కు దగ్గర రెండు లైట్లు పెట్టించుకోండి. అందరూ పెట్టించుకుంటున్నారు, వాళ్ళ సీట్లు కుడుతున్నప్పుడు చూస్తున్నాగా" అంది.

"కరెంటాఫీసులో ఇరవై ఆరేళ్ళు చేసినవాడు రెండు బల్బులు బిగించుకోడానికి మెకానిక్కు దగ్గరికెళ్తే ఊరు నవ్వదూ?"

"వెళ్ళకపోతే?"

ఆ ప్రశ్నలో ఉన్న జ్ఞానం అప్పుడు మా ఇద్దరికీ అందలేదు.

శనివారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బండి సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. రెండు పొగమంచు లైట్లతో మొదలైన బేరం, పొయ్యి మీద పాలలా పొంగింది. లైట్లు, వాటికో స్విచ్చి, ఫోను ఛార్జింగ్ పెట్టుకునే సాకెట్టు, బ్యాటరీ బలం అంకెల్లో చూపించే చిన్న మీటరు, ఉన్న హారన్‌కి తోడుగా ఇంకో హారను. దుకాణం అతను అన్నీ అట్టపెట్టెలో సర్దుతూ, నల్లటి చిన్న డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు.

"రిలే లేకుండా మాత్రం పెట్టకండి సార్. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. అది మర్చిపోతే కష్టం."

"ఎన్నేళ్ళుగా ఈ లైన్లో ఉన్నావు నువ్వు?" అన్నాడు మా తోడల్లుడు.

"ఎనిమిదేళ్ళు సార్."

"నేను ఇరవై ఆరు."

అతను వెంటనే చేతులు కట్టుకున్నాడు. గౌరవంగా ఇంకో ఫ్యూజు అదనంగా పెట్టి పంపాడు. ఆ ఫ్యూజు ఇప్పటికీ కొత్తగానే ఉంది.

ఆదివారం పొద్దున్న కింద వాకిట్లో పాత దుప్పటి పరిచాం. బండి సీటు తీశాం, పక్క డొప్పలు తీశాం, పెట్రోలు ట్యాంకు కూడా తీసి గోడకి ఆనించాం. స్క్రూలన్నీ ఒక స్టీలు గిన్నెలో వేశాం. పెట్టెలో సూచనల కాగితం ఒకటి ఉంది గాని, అది మా ఇద్దరికీ రాని భాషలో ఉంది. మా తోడల్లుడు "బొమ్మ చాల్లే" అని దాన్ని చాలాసేపు తదేకంగా చూశాడు. తలకిందులుగా పట్టుకున్నాడని నేను గమనించాను. చెప్పలేదు. తోడల్లుళ్ళ మధ్య కొన్ని మర్యాదలుంటాయి.

"తమ్ముడూ, ఈ నల్ల డబ్బా ఏంటో తెలుసా?"

"రిలే కదా అన్నయ్యా."

"పేరు నాకూ తెలుసు. ఏం చేస్తుంది?"

పాఠ్యపుస్తకంలో దానికి అరపేజీ బొమ్మ ఉంది. పరీక్షలో రాదని ఏటా ఆ పేజీ దాటేస్తుంటాను. "మధ్యలో ఉంటుందన్నయ్యా" అన్నాను.

"మధ్యలో ఉండేవాళ్ళంతా దళారీలే. తీసి అవతల పెట్టు. ఆ ఫ్యూజు కూడా. జాయింట్లు ఎంత తగ్గితే అంత మంచిది."

వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉందో! నేను తలూపాను. పందొమ్మిదేళ్ళ బోధనానుభవం కూడా తలూపింది.

బ్యాటరీ నుంచి తిన్నగా ఒక ఎర్ర వైరు తీసి, ట్యాంకు కింద నుంచి ముందుకు లాగాడు. వైరు తొక్క పళ్ళతో కొరికి ఊడదీశాడు. రాగి పోగుల్ని మెలితిప్పి, పైన టేపు చుట్టాడు, ఇంకా చుట్టాడు, ఉండ కట్టేదాకా చుట్టాడు. నల్ల వైర్లన్నీ ఎక్కడో ఓ చోట కలవాలి కాబట్టి, ఎడమ ఇండికేటరు దగ్గర దొరికిన నల్ల వైరుకే అన్నీ కలిపాడు. మధ్యాహ్నం రెండయ్యేసరికి స్విచ్చి నొక్కాడు.

వెలిగాయి! పట్టపగలు, ఎండలో, ఎదురు గోడ తెల్లగా మెరిసింది. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి "అబ్బ, ఎంత వెలుగో బావగారూ" అంది. ఆయన ముఖం ఆ రెండు లైట్లతో పోటీ పడింది.

నా నోరు ఊరుకోదు కదా. "ఇండికేటరు వేసి చూడన్నయ్యా" అన్నాను.

ఎడమ ఇండికేటరు వేశాడు. అది వెలిగి ఆరినప్పుడల్లా రెండు కొత్త లైట్లూ దానితోపాటు కన్నుకొట్టాయి. మీటరులో అంకె ఎక్కి దిగింది. కొత్త హారను ఎవరూ నొక్కకుండానే సన్నగా మూలిగింది.

"అదేంటి?" అన్నాను.

"ప్రమాద సూచన. ఖరీదైన బండ్లకి ఇలాగే ఉంటుంది" అన్నాడు, రెప్ప వేయకుండా.

ట్యాంకు ఎత్తి మళ్ళీ స్థానంలో కూర్చోబెట్టాం. కింద వైర్ల ఉండలు అడ్డొచ్చి అది సరిగ్గా కూర్చోలేదు. మా తోడల్లుడు బోల్టు బిగిస్తుంటే నేను ట్యాంకు మీద బరువు వేసి నొక్కాను. సీటువి, డొప్పలవి పోను గిన్నెలో నాలుగు స్క్రూలు మిగిలాయి. "కంపెనీవాళ్ళు ఎప్పుడూ నాలుగు ఎక్కువే ఇస్తారు" అన్నాడాయన. పదకొండేళ్ళ నాడు కొన్న బండికి కంపెనీవాళ్ళు ఇంకా స్క్రూలు పంపుతూనే ఉన్నారన్నమాట.

బోల్టు ఆఖరి చుట్టు తిరిగింది. ట్యాంకు అంచుకీ చట్రానికీ మధ్య ఎర్ర వైరు నలిగి, తొక్క తెగి, రాగి ఇనుముకి తగిలింది. ఈ వివరం మాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా వాసన. రబ్బరు కాలిన వాసన, ఆ వెంటనే ట్యాంకు కింద నుంచి తెల్లటి పొగ. ఆ ఎర్ర వైరు పొడుగునా బుడగలు లేచి, పక్క వైర్లకి అంటుకుపోతోంది.

ఆ క్షణంలో మా తోడల్లుడు చేసిన పని నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను. జేబులోంచి ఫోను తీసి, ఇరవై ఆరేళ్ళు తను ఎత్తిన నంబరుకే కొట్టాడు.

కరెంటాఫీసు ఫిర్యాదుల నంబరు! కంగారులో వేళ్ళు వాటికి తెలిసిన దారినే పోయాయి. అవతల మెషీను గొంతు తీయగా పలికింది. మీ ఫోను మాకెంతో ముఖ్యం, ఇంట్లో కరెంటు పోయినట్లయితే ఒకటి నొక్కండి, అని. ఆయన ఒకటి నొక్కాడు.

నేనేం తక్కువ తినలేదు. బకెట్టుతో నీళ్ళు తెచ్చి గురి చూసి విసిరాను. సగం ఆయన మీద పడ్డాయి, సగం గోడకి ఆనించి ఉన్న సీటు మీద పడ్డాయి. బండి మీద ఒక్క చుక్క పడలేదు. చిన్న వస్తువు కాదు, బండి. దాన్ని తప్పించడానికి నైపుణ్యం కావాలి.

వదిన మెట్లు దిగి వస్తూనే చూసింది. గోడ మీది కత్తెర ఆమె చేతిలో ఉంది. పక్క డొప్ప ఇంకా బిగించలేదు, బ్యాటరీ కనపడుతూనే ఉంది. చీర కొంగు చేతికి చుట్టుకుని, బ్యాటరీ దగ్గర ఆ ఎర్ర వైరు పట్టుకుని, ఒక్క వేటు వేసింది. చిటుక్కుమని నిప్పురవ్వ ఎగిరింది. పొగ ఆగిపోయింది.

ఫోనులో మెషీను గొంతు ఇంకా తొమ్మిది నొక్కితే మొదటినుంచి వినవచ్చని చెబుతోంది.

"బావగారూ, ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది మా ఆవిడ.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. వదిన కత్తెరని ఎండకి ఎత్తి చూసింది. అంచులో గోధుమ గింజంత నొక్కు.

"బండి పోతే పోనీండి, ఇంకోటి వస్తుంది" అంది మెల్లగా. "ఈ కత్తెర మా నాన్న కొనిచ్చింది."

గట్టిగా తిట్టినా బాగుండేది. ఆమె పైకెళ్ళిపోయింది. ఆ రోజు మిషను చప్పుడు వినిపించలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మానవ సహజం. మా తోడల్లుడు అవతల పెట్టించిన ఫ్యూజు తీసి, దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

సోమవారం నుంచి ఆయన్ని నా స్కూటరు మీద సబ్‌స్టేషన్‌కి దింపే బాధ్యత నాది. ట్యాంకు మీద బరువు వేసిన పాపం ఊరికే పోతుందా? మూడో రోజు తెల్లవారుజామున, ఇంకా మసక వీడకముందు, వెనక కూర్చున్న మనిషి ఉన్నట్టుండి అన్నాడు.

"తమ్ముడూ, నేను మొదట దరఖాస్తు పెట్టింది లైన్‌మన్ పనికే."

నాకిది కొత్త. నేను స్కూటరు కాస్త నెమ్మది చేశాను.

"స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. ఎక్కడం బాగానే ఎక్కాను. కిందున్నవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. పైకెళ్ళాక కిందకి చూశాను. అంతే. దిగడానికి కాలు కదల్లేదు. స్తంభాన్ని వాటేసుకుని ముప్పావుగంట ఉండిపోయాను. నిచ్చెన వేసి దింపారు. కళ్ళు మూసుకోమని, ఒక్కో కాలూ ఒకాయన చేత్తో పట్టుకుని మెట్టు మీద పెట్టాడు. పసిపిల్లాడికి చెప్పులు తొడిగినట్టు."

"తర్వాత?"

"ఆఫీసరు మంచివాడు. గొంతు బావుందని ఫోను దగ్గర వేశాడు. మీ వదినక్కూడా ఈ సంగతి తెలీదు. పెళ్ళిచూపుల్లో కరెంటాఫీసంటే, స్తంభాలు ఎక్కుతారా అని అడిగింది. ఎక్కానని చెప్పాను." గుంత ఒకటి దాటాక అన్నాడు, "ఎక్కాను కదా మరి."

నా దగ్గర ఎప్పుడూ ఓ వెటకారం సిద్ధంగా ఉంటుంది. ఆ పొద్దున్న మాత్రం గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ సాయంత్రమే బండిని తోసుకుంటూ వీధి చివర మెకానిక్కు దగ్గరికి వెళ్ళాం. అతను సీటు ఎత్తి, మాడిన వైర్ల ముద్దని వేలితో కదిపి, ఈల వేశాడు.

"ఏ మహానుభావుడు చేశాడు బాబాయ్ ఇది? పుండుకి కట్టు కట్టినట్టు టేపు చుట్టాడు."

మా తోడల్లుడు ఏ ఊరి మెకానిక్కు మీదికి నెడతాడా అని నేను కుతూహలంగా చూస్తున్నాను.

"నేనే" అన్నాడు.

"మీరా? కరెంటాఫీసు..."

"కరెంటాఫీసులో ఫోను ఎత్తేవాణ్ణి. వైరు ముట్టుకున్నది మొన్నే మొదటిసారి. నాకేమీ తెలీదు." ఆ మాట ఆయన నోట నేను విన్నది అప్పుడే. ఆయన ఇరవై ఆరేళ్ళుగా ఎవరి దగ్గరా అనలేదనుకుంటాను. "మాడిన వైర్లు నువ్వు మార్చు. లైట్లు మాత్రం నేనే పెట్టుకుంటా. నేర్పుతావా?"

మెకానిక్కు ఆయన వంక తేరిపార చూసి, ఖాళీ నూనె డబ్బా ఒకటి బోర్లించి, కూర్చోమని చూపించాడు.

రెండు వారాలపాటు, డ్యూటీ దిగి భోంచేసి, నాలుగింటికల్లా ఆ డబ్బా మీద కూర్చునేవాడు. పళ్ళు తిండి కొరకడానికేనని, వైరు తొక్క తీయడానికి పటకారు లాంటి పనిముట్టు వేరే ఉందని తెలుసుకున్నాడు. వైరు చివర ఇత్తడి తొడుగు వేసి ఎలా నొక్కాలో, గట్టిగా లాగితే ఊడకూడదని ఎలా చూడాలో నేర్చుకున్నాడు. నల్ల వైర్లన్నీ దొరికిన చోట కట్టకూడదని, రంగు గీకిన శుభ్రమైన ఇనుము మీద బోల్టుతో బిగించాలని నేర్చుకున్నాడు. బడి వదిలాక నేనూ వెళ్ళి పక్కన నిలబడేవాణ్ణి, పర్యవేక్షణ కోసం.

రిలే సంగతి చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. మెకానిక్కు ఆ నల్ల డబ్బాని చేతిలో ఎగరేసి పట్టుకుంటూ అన్నాడు.

"చూడండి బాబాయ్. హ్యాండిలు దగ్గర స్విచ్చి చిన్నది, దాని వైరు సన్నది. లైట్ల బరువంతా దాని మీద పెడితే మాడిపోద్ది. అందుకని స్విచ్చి దీనికి కబురు చెబుద్ది, అంతే. ఇది లోపల టక్కుమని కలిపి పెద్ద వైరు లోంచి కరెంటు పంపిద్ది. ఆఫీసులో మీరు చేసింది కూడా అదే కదా? ఇంట్లోవాళ్ళు మీకు ఫోన్ చేస్తే, మీరు లైన్‌మన్‌కి చెప్పేవాళ్ళు. స్తంభం ఎక్కేది అతనే. మీరు లేకపోతే మాత్రం ఎవరూ ఎక్కరు."

మా తోడల్లుడు ఆ డబ్బాని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను మాత్రం పుస్తకంలో అరపేజీ ఎందుకు దాటేశానా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు, పరువు ఒకటి ఉంటుంది కదా.

మా వాకిట్లో రెండో బిగింపు ఒక్క పూటలో కాలేదు, మూడు సాయంత్రాలు పట్టింది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టాడు. వైర్లు ట్యాంకు అంచుకి తగలకుండా చట్రం లోపలి వైపునుంచి తీశాడు. హ్యాండిలు ఇటు చివరికీ అటు చివరికీ తిప్పి, ఎక్కడా లాగడం లేదని చూశాడు. నన్ను ట్యాంకు దగ్గరికి రానివ్వలేదు. గోడ మీద సుద్దతో గీత గీసి, వెలుగు ఆ గీత దాటకుండా లైట్లు కిందికి వంచాడు, ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడకూడదని. వదిన పైనుంచి రెండు రోజులు ఊరికే చూసింది. మూడో రోజు దిగి వచ్చి, వైర్ల కట్టని కొలిచి, రెక్సినుతో ఒక తొడుగు కుట్టి తెచ్చింది.

"వానకి తడవకుండా" అంది. సాన పట్టించిన కత్తెరకి నొక్కు ఇంకా కనపడుతూనే ఉంది.

ఈసారి స్విచ్చి నొక్కితే లోపలెక్కడో టక్కుమంది. లైట్లు వెలిగాయి. ఇండికేటరు దాని పని అది చేసుకుంది. గిన్నెలో ఒక్క స్క్రూ మిగల్లేదు, ఆ పాత నాలుగూ వాటి చోట్లలోకి వెళ్ళిపోయాయి.

ఇక్కడితో ఆపితే మంచి నీతికథ అవుతుంది గాని, నెలన్నర తర్వాత జరిగింది చెప్పకపోతే ఆయన్ని నేను ఇంతసేపు ఊరికే ఆడిపోసుకున్నట్టవుతుంది.

ముందురోజంతా గాలివాన. పొద్దున్నకి జల్లు తగ్గింది గాని మబ్బు వీడలేదు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర మలుపులో, తడిసిన నల్లటి రోడ్డు మీద సన్నటి గీత ఒకటి ఆయన లైట్లలో మెరిసింది. బ్రేకు వేశాడు. బండి కాస్త జారి నిలబడింది. పదిహేను అడుగుల దూరంలో, రోడ్డుకి అడ్డంగా, తెగిన కరెంటు తీగ. పాత హెడ్‌లైటుకైతే అది కనపడేదే కాదు. కంకర గుట్టే కనపడలేదు కదా.

ముందు ఫిర్యాదుల నంబరుకి చేశాడు. ఫోను మాకెంతో ముఖ్యమంది. పెట్టేసి, సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటరుకి నేరుగా చేశాడు.

"మలుపు దగ్గర తీగ తెగి రోడ్డు మీద పడింది. లైను ఆపెయ్."

"ఏ లైనండీ? మ్యాపులో ఆ మలుపు మార్కెట్టు లైను మీదుంది."

"మ్యాపు తప్పు. అది రాళ్ళ క్వారీ లైను. మార్కెట్టులో కరెంటు పోయినప్పుడు ఆ మలుపు ఇళ్ళవాళ్ళు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. క్వారీలో పోయినప్పుడల్లా చేసేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు రాసుకున్నా. క్వారీది ఆపు, ముందు అది ఆపు."

ఆపరేటరు ఆపాడు. మ్యాపుని నమ్మి ఇంకో లైను ఆపి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలుచుకోలేదు.

లైను ఆగినా, మనుషులొచ్చి చూసేదాకా తీగని నమ్మకూడదని ఆయనకి తెలుసు. బండిని రోడ్డుకి అడ్డంగా పెట్టి, ఇంజను ఆపకుండా, లైట్లు తీగ మీదికి తిప్పి, ఇండికేటర్లు వేసి నిలబడ్డాడు. ఐదు నిమిషాలకి ఫ్యాక్టరీ కూలీల బస్సు వచ్చింది. ఆయన రెండు హారన్లూ కలిపి నొక్కాడు.

"ఏంటయ్యా పెద్దమనిషీ, రోడ్డు మీ తాతదా?" అని డ్రైవరు తల బయటికి పెట్టి అరిచాడు.

మా తోడల్లుడు వేలెత్తి చూపించాడు. డ్రైవరు చూశాడు. వెనక ముప్పై మంది కునికిపాట్లు పడుతున్నారు. అతను ఇంజను ఆపి, దిగి, బస్సు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

తర్వాత రెండు క్వారీ లారీలు, ఒక పాల వ్యాను, సైకిళ్ళు. అందరూ మొదట తిట్టారు, తర్వాత నోరు మూసుకున్నారు. ఆయన మధ్యమధ్యలో బ్యాటరీ మీటరు అంకె చూసుకుంటూ, అది తగ్గినప్పుడల్లా కొంచెం ఎక్సిలేటరు ఇస్తూ, ఎవరినీ అటు అడుగెయ్యనివ్వకుండా రెండు గంటలకి పైగా నిలబడ్డాడు. ఎనిమిదింటికి ఆఫీసు జీపు వచ్చింది. లైన్‌మన్ స్తంభం ఎక్కుతుంటే ఆయన తల ఎత్తి చూశాడట. దిగేటప్పుడు మాత్రం అటు చూడలేదని నాతో చెప్పాడు.

ఈ సేవకి ఆఫీసు కృతజ్ఞత ఆలస్యం చెయ్యలేదు. నాలుగో రోజునే కాగితం వచ్చింది. ఫలానా తేదీన ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు మీటరు రీడింగులు రిజిస్టరులో ఎందుకు నమోదు కాలేదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను.

వదిన ఆ కాగితం చదివి, కత్తెర ఎక్కడుందని అడిగింది. ఆయన వారించి, గుండ్రటి అక్షరాలతో జవాబు రాశాడు. ఆ సమయంలో రోడ్డు మీద డ్యూటీలో ఉన్నానని ఒక వాక్యం, మ్యాపులో మలుపు దగ్గర తప్పుంది, దిద్దగలరని ఇంకో వాక్యం. సంజాయిషీ ఫైల్లో చేరింది. మ్యాపు ఇంకా దిద్దలేదు. ఆయన సబ్‌స్టేషన్ గోడ మీదున్న మ్యాపులో తనే ఎర్ర పెన్సిలుతో దిద్దాడు. దానికి మళ్ళీ సంజాయిషీ అడిగారు.

మొదటి జవాబు రాసిన రాత్రే భోజనాల దగ్గర వదినకి స్తంభం సంగతి చెప్పాడట. ఆమె ఆశ్చర్యపోలేదని, "ఆఫీసరు భార్య అప్పుడే చెప్పింది, పెళ్ళికి ముందు" అందని మా ఆవిడ ద్వారా తెలిసింది. ఇన్నేళ్ళూ ఆమె దాన్ని ఎక్కడ దాచిందో, ఎందుకు దాచిందో అడిగే ధైర్యం మా ఎవరికీ లేదు.

ఇప్పుడు వీధిలో జనం బండ్లు తెచ్చి మా వాకిట్లో ఆపుతారు. "నాకు నా బండొక్కటే తెలుసు" అని అందరినీ మెకానిక్కు దగ్గరికి పంపేస్తాడు. మొన్న ఆదివారం నేను మాత్రం బంధుత్వం వాడుకుని, నా స్కూటరుకి కూడా రెండు లైట్లు పెట్టమన్నాను.

"పెడదాం. ముందు నువ్వు వైరు తొక్క తీయడం నేర్చుకో తమ్ముడూ" అని, ఆ పనిముట్టు, మూరెడు వైరు నా చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. నాలుగుసార్లు నొక్కాను. నాలుగుసార్లూ తొక్కతోపాటు రాగి కూడా తెగి కింద పడింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన నవ్వలేదు. "పర్లేదు" అన్నాడు, చుట్టలోంచి ఇంకో మూర కత్తిరిస్తూ. "వైరు ఇంకా చాలా ఉంది."